మేనా కప్పు మీద సముద్రం

మా ముత్తాత ఉద్దానంలో ముఠాదారు. మందస కొండల కింద మొదలుపెట్టి సముద్రపు ఇసుక దాకా ఉన్న ఊళ్ళలో శిస్తు వసూలు చేసి ఎస్టేటుకు జమకట్టే అధికారం ఆయనది. ఆయన ఇంట్లోంచి బయలుదేరితే ముందు ఒక మనిషి వెండి పొన్ను వేసిన కర్ర పట్టుకుని నడిచేవాడట. మా తాత కాలానికి ఊళ్ళు పోయి తోటలు మిగిలాయి. మా నాన్న కాలానికి తోటలు ఒక్కొక్కటే జారిపోయి, ఒక కొబ్బరితోటా పేరూ మిగిలాయి. ఆ పేరు ఇప్పుడు నా కరెంటు బిల్లు మీద కనిపిస్తుంది. ఈ సంగతులన్నీ మొన్నటి ముసురులో తడుస్తూ మా ఇంటికి వచ్చిన ఒక కాలేజీ అమ్మాయికి చెప్పాను. వాళ్ళు ఏదో ప్రదర్శన పెడుతున్నారట, పాత కుటుంబాల వస్తువులు అడిగి తీసుకుంటున్నారట. అంతా శ్రద్ధగా విని, "మరి ఇప్పుడు మీ దగ్గర పాత వస్తువు ఏముంది సార్?" అంది. "నేనున్నాను" అన్నాను. నవ్వాలో వద్దో తేల్చుకోలేక టీ తాగి వెళ్ళిపోయింది. ఆమె గొడుగు వీధి మలుపు తిరిగేదాకా అరుగు మీదే నిలబడ్డాను. పాత వస్తువులూ వానా ఒకేసారి ఎదురైతే నాకు మా మేనత్త గుర్తుకు రాకుండా ఉండదు.

మేనత్త మా నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. ఉద్దానంలో, అలల చప్పుడు వినిపించే ఇంట్లో పుట్టి, కోటబొమ్మాళికి కోడలిగా వెళ్ళింది. మా వంశంలో వీపు నిటారుగా ఉంచి కూర్చోవడం అందరికీ అబ్బింది గాని, నవ్వడం మాత్రం ఆమె ఒక్కదానికే అబ్బింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒక శ్రావణ మాసంలో, పలాసలోని మా ఇంటికి వచ్చి కొన్నాళ్ళు ఉంది. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. నీటికాసుల జబ్బుతో కుడికన్ను చూపు పూర్తిగా పోయింది. ఎడమకన్ను మసకబారుతోంది. గిన్నెలో చారు ఎంత ఉందో తెలియక వేలు ముంచి చూసుకునేది, చూసుకుని, "మీ ఆవిడ చారు వేడిగానే పెడతాదిరా" అని మెచ్చుకునేది. టెక్కలిలో ఒక కంటి డాక్టరు మంచివాడని ఎవరో చెబితే, ఆఫీసుకు సెలవు పెట్టి, కాశీబుగ్గలో ఒక అంబాసిడర్ కారు మాట్లాడి తీసుకెళ్ళాను. మా ఇంటి ఆడవాళ్ళను బస్సులో తీసుకెళ్ళే అలవాటు నాకు లేదు. నేను ఒక్కణ్ణే అయితే బస్సులోనే వెళ్ళేవాణ్ణి, కాని నిలబడే వెళ్ళేవాణ్ణి, సీటు కోసం తోసుకోవడం నాకు చేతకాదు.

డాక్టరు చిన్నవాడు, నిజం చెప్పడంలో మొహమాటం లేనివాడు. చాలాసేపు చూసి, ఆ మిగిలిన కంటికి కూడా చీకటి కమ్ముతుందని, ఎన్నాళ్ళకో చెప్పలేనని, చుక్కల మందుతో కొంత ఆపవచ్చునని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "చూడాలనుకున్నవి ఏవైనా ఉంటే ఆలస్యం చేయకుండా చూసేయండి అమ్మా" అన్నాడు. "ఏటి చూడమంటావు బాబూ, సినిమాలా?" అంది అత్త. డాక్టరు నవ్వాడు. నేను మందుచీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. బయట వాన మొదలైంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందని పొద్దున్నే రేడియో చెప్పింది. కారెక్కి కూర్చున్నాక అత్త పమిటతో ముఖం తుడుచుకుని, ఏదో పెళ్ళికి బయలుదేరినట్టు, "పదరా, చూపించు" అంది. ఏమి చూపించాలో నాకు తెలియలేదు. ఎక్కడికి తీసుకెళ్ళినా తడిసిపోతాం. కారు డ్రైవరే వెనక్కి తిరిగి, "కాలేజీలో పాతసామాన్ల గదుందండి బాబూ. లోపలే సూడొచ్చు, తడవక్కర్లేదు. పక్కన అద్దాల మేడలో మొక్కలు కూడా ఉన్నాయి" అన్నాడు.

అలా ఆ రోజు మా విహారం మొదలైంది. ఆ గది ఒక పాత క్లాసురూము. గోడల వెంట అద్దాల బీరువాలు, వాటిలో చిల్లుకానులు, విరిగిన విగ్రహం చెయ్యి, గడ్డి కూరిన ఒక పునుగుపిల్లి. ఆ పిల్లి కళ్ళ స్థానంలో ఎవరో గోళీలు పెట్టారు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. అత్త దాని ముఖంలో ముఖం పెట్టి చూసి, "నాకంటే దీనికి నయం, రెండూ ఉన్నాయి" అంది. గది చూసుకునే పెద్దమనిషి మా వెంటే నడుస్తూ, ఎర్ర గుడ్డ మీద పడుకోబెట్టిన ఒక పొడుగాటి కత్తి దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, అది ఫలానా యుద్ధంలో వాడిన ఖడ్గమని చెప్పడం మొదలుపెట్టాడు. అత్త ఆ కత్తి పిడి తడిమింది. దాని మొన కొక్కెంలా వంగి ఉండడం వేలితో చూసింది. "నాయనా, ఇది పనసకాయలు కోసే కత్తి. ఈ వంపుతో తొడిమ లాగుతారు. జిగురు అంటకుండా నూనె రాసుకోవాలి. మా వంటింట్లో ఇలాంటివి గోడకి వరసగా ఉండేవి" అంది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఏమీ నొచ్చుకోకుండా, "అమ్మగోరూ, మీరన్నట్టు పనసకాయల కత్తని రాత్తే ఇంక దీన్ని ఎవులు సూత్తారండి?" అన్నాడు. అత్తకు ఆ సమాధానం ఎంత నచ్చిందంటే, బయటికి వచ్చేదాకా నవ్వుతూనే ఉంది. ఉద్దానం వాళ్ళకు పనసపండు మీద ఉన్న గౌరవం అలాంటిది, దాని కోసం ఒక యుద్ధం జరిగిందన్నా ఎవరూ కాదనరు.

అద్దాల మేడ అన్నది ఒక చిన్న గాజు గది. లోపల ఇనుప మెట్ల మీద ముళ్ళ మొక్కలు, దూదిలాంటి నూగు ఉన్నవి, పుచ్చకాయల్లా గుండ్రనివి. పైన వాన దడదడా కొడుతోంది, లోపల ఒక్క చుక్క పడడం లేదు. అత్త అన్నీ ముక్కు ఆనించి చూసింది, ఆ గది వెచ్చదనానికి ఆశ్చర్యపోయింది. "ముళ్ళకి కూడా ఇల్లు కట్టారేట్రా! ఉద్దానంలో మన ఇంటి కప్పు మాత్రం ఎవరూ నేయించలేదు" అంది. ఆ మాట నవ్వుతూనే అంది గాని, తిరిగి కారెక్కాక, కోటబొమ్మాళి వెళ్ళే దారి చూసి ముఖం తిప్పుకుంది. కారు పలాస వైపు కొంత దూరం వచ్చాక, "ఒరే, నాకు నిజంగా చూడాలని ఉన్నది ఒకటే. అమ్మ వేసిన బొమ్మలు" అంది.

ఆ సంగతి నాకు అంతవరకు తెలియదు. అత్తను అత్తవారింటికి పంపినప్పుడు మేనాలో పంపారు. మేనా అంటే ఆడవాళ్ళ కోసం నాలుగువైపులా తెరలు కట్టిన చిన్న పల్లకీ. పిల్లనిస్తున్నది సముద్రం కనిపించని ఊరికి అని మా నాయనమ్మకు బెంగ పట్టుకుందట. నెల రోజులు తలుపులు వేసుకుని, ఆ మేనా లోపలి కప్పుకు సున్నం పూసి, పసుపు, ఎర్ర గేరుమట్టి, నీలిమందు, దీపం మసి కలిపి, దాని మీద మా ఊరంతా వేసిందట. మా నాయనమ్మ ముగ్గు తప్ప మరేదీ గీసి ఎరగదు. కూతురు తెరల మధ్య ఒంటరిగా కూర్చుని పైకి చూస్తే తోటా, సముద్రమూ తోడుగా వస్తాయని ఆమె లెక్క. అయితే ఒక్క సంగతి ఆమె మరిచిపోయింది. మా ఇళ్ళలో సాగనంపే పెళ్ళికూతురు తల ఎత్తకూడదు. అత్త ఒళ్ళో పెట్టిన కొబ్బరికాయను చూస్తూ, దాని మీద కన్నీళ్ళు కారుస్తూ, దారి పొడవునా తల వంచుకునే వెళ్ళింది. మళ్ళీ పుట్టింటికి వచ్చినప్పుడు నాయనమ్మ ఆశగా, "చూశావే?" అని అడిగింది. "చూశానమ్మా, ఎంత బాగున్నాయో" అంది అత్త. ఇంక ఆ తర్వాత, తిరిగొచ్చి మా ఇంటి దూలాలకు వేలాడగట్టిన మేనాను దించమని ఎలా అడుగుతుంది? దించి చూస్తే ఆ మాట అబద్ధమని తెలిసిపోతుంది. నాయనమ్మ కూతురు చూసిందనే నమ్మకంతోనే పోయింది. తర్వాత మేనా కూడా మా ఇంట్లోంచి పోయింది.

అది ఎక్కడికి పోయిందో నాకు బాగా తెలుసు. పలాస చివర జీడిపప్పు ఫ్యాక్టరీ ఉన్న ఒక షావుకారు దాన్ని మా నాన్న దగ్గర కొన్నాడు. ఆయన తండ్రి ఒకప్పుడు జీడిపిక్కల బేరానికి మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చోమన్నా కూర్చోకుండా కింద నిలబడి మాట్లాడేవాడు. కొడుక్కి పాత వస్తువుల పిచ్చి. మాలాంటి ఇళ్ళు ఎక్కడ కూలుతున్నా వెళ్ళి, వేలాడే దీపాలు, భోషాణాలు, గుమ్మాలు కొని తెచ్చి, ఫ్యాక్టరీ పక్కన ఖాళీ గోదాములో పెట్టాడు. ఊళ్ళో దాన్ని మ్యూజియం గోదాము అనేవారు. ఆ గేటు ముందు నుంచి నేను రోజూ సైకిలు మీద ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి, ఏనాడూ తల తిప్పలేదు. "ఆ గుమ్మం నేను తొక్కనత్తా" అన్నాను. "నిన్ను ఎవరు తొక్కమన్నారు? నేను తొక్కుతాను. నువ్వు గొడుగేసుకుని బయట నిలబడు" అంది. డ్రైవరు అద్దంలోంచి నా వైపు చూసి, నేను ఏమీ చెప్పకముందే కారు అటు తిప్పాడు.

వానకు కరెంటు పోయింది. ఫ్యాక్టరీలో యంత్రాలు ఆగిపోయి, జీడిపొగ వాసన కూడా లేకుండా, ఆ ప్రాంతం అంతా పండగనాటి బడిలా ఉంది. పప్పు ఒలిచే ఆడవాళ్ళు వసారాలో బారులు తీరి కూర్చుని, జీడి రసం అంటకుండా చేతులకు నూనె రాసుకుంటూ, మా వైపే చూస్తున్నారు. షావుకారు లుంగీ మీదే వానలోకి పరిగెత్తుకొచ్చాడు. కారులో ఎవరున్నారో చూసి, ముందు లుంగీ దించుకున్నాడు, తర్వాత నమస్కారం పెట్టాడు. ఆయన భార్య వచ్చి, "రండి పెద్దమ్మగారూ" అని అత్త చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. నేను వసారా చివర నిలబడ్డాను. కుర్చీ తెప్పించాడు, వద్దన్నాను. కాఫీ తెప్పిస్తానన్నాడు, ఇప్పుడే తాగానన్నాను. ఆయనా వెళ్ళకుండా నా పక్కనే నిలబడ్డాడు. వాన నా చొక్కా ఒకవైపు, ఆయన లుంగీ ఒకవైపు తడుపుతోంది. అలా ఎంతసేపు నిలబడేవాళ్ళమో, లోపలి నుంచి అత్త గొంతు వినిపించింది. ఎవరినో ఆప్యాయంగా అడుగుతోంది. "ఎవరి పిల్లవమ్మా నువ్వు? ఏ ఊరిస్తున్నారు నిన్ను? పలకవేటి, సిగ్గా?"

నేను గబగబా లోపలికి వెళ్ళాను. గుమ్మం దాటానని దాటాక గాని గుర్తు రాలేదు. గోదాములో మా కళ్ళకే ఏదీ సరిగా ఆనడం లేదు, ఆమె కళ్ళకు ఏమి ఆనుతుంది? మేనా తెర పక్కకు లాగి ఉంది, లోపల పట్టుచీర కట్టుకుని తల దించుకుని ఒక పెళ్ళికూతురు కూర్చుని ఉంది. బట్టల షాపులో పెట్టే బొమ్మ. షావుకారే తెచ్చి అలంకరించి కూర్చోబెట్టాడు. అత్త దాని చెయ్యి పట్టుకుని ఉంది. షావుకారు భార్య ఏమి చెప్పాలో తెలియక నా వైపు చూసింది. "అత్తా, అది బొమ్మ" అన్నాను. అత్త ఆ చెయ్యి కాస్త నొక్కి చూసి, "అదే అనుకున్నాను, ఇంత చల్లగా ఉందేటి అని" అంది. బొమ్మను పక్కకు దించాక అత్త తన తల లోపలికి పెట్టి పైకి చూసింది. కొవ్వొత్తి తెచ్చారు, టార్చిలైటు తెచ్చారు. ఆ వెలుగు ఆమె కంటికి మచ్చలా కనిపించింది గాని, దాని వెనక ఏముందో కనిపించలేదు. చాలాసేపు ప్రయత్నించి తల బయటికి తీసింది. "పోనీలేరా. ఉంది కదా, చాలు" అంది. మా అత్త గొంతులో నవ్వు లేకుండా మాట రావడం నేను విన్నది అప్పుడే.

అప్పుడు షావుకారు భార్య, "మా మొక్కల గదిలో వెలుతురుంటాది. అక్కడికి పట్టికెళ్దాం" అంది. గోదాము వెనక రేకుల నడవ దాటితే ఆవిడ మొక్కల కోసం కట్టించుకున్న గది ఉంది, పైన అంతా తెల్లటి ప్లాస్టిక్ షీట్లు. షావుకారు డ్రైవర్ని పిలిచాడు, బాయిలరు దగ్గర పనిచేసే మనిషిని పిలిచాడు. వాళ్ళిద్దరూ ముందు బొంగుకు భుజం పెట్టారు. వెనక తను పెట్టాడు. "ఆగండ్రా!" అని అరిచింది అత్త. "ఖాళీ మేనా ఎత్తుతారేటి! మా ఇంట్లో తిరుగు ప్రయాణానికి కూడా ఒక కాయో, బియ్యం మూటో వేసి గాని లేపేవారు కాదు." అందరూ ఆగిపోయారు. ఏమి వెయ్యాలో తెలియక ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. షావుకారు భార్యే మళ్ళీ, "కాయెందుకు పెద్దమ్మగారూ, మీరు కూకోండి" అంది.

అత్త కూర్చుంది. ఇంక కావలసింది వెనక ఇంకొక భుజం. షావుకారు నన్ను అడగలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు, వసారా వైపు చూసి ఎవరినో కేకేయబోయాడు. ఈలోగా గుమ్మం దగ్గర మూగిన ఆడవాళ్ళలో ఒకావిడ, "ఎవుల్నో పిలవడమెందుకండి, బాబుగోరు ఆరడుగుల మనిసి ఎదరే ఉన్నారు కదేటి!" అంది. అందరూ గొల్లుమన్నారు. మా ఇంట్లో మేనా ఎక్కినవాళ్ళు, ఎక్కించినవాళ్ళు ఉన్నారు గాని మోసినవాళ్ళు లేరు. గొడుగు గోడకు ఆనించి, వెళ్ళి బొంగు కింద భుజం పెట్టాను. షావుకారు పొట్టివాడు, నేను పొడుగు. లేపగానే మేనా ఆయన వైపు ఒరిగిపోయింది. "ఒరే, కాస్త వంగరా! పడిపోతున్నాను!" అని లోపలి నుంచి అత్త కేక. నన్ను వంగమని అడిగిన మనిషి నా జీవితంలో ఆమె ఒక్కతే. మోకాళ్ళు వంచి, నడుము వంచి, షావుకారు భుజంతో సమానంగా నా భుజం తెచ్చుకుని నడిచాను. ఆడవాళ్ళు వెనక నడుస్తూ "ఓహోం ఓహోం" అని బోయీల పాట అందుకున్నారు. నడవ రేకుల మీద వాన వాళ్ళ కంటే గట్టిగా పాడింది. "పడేత్తారేటండి, మెల్లగా బాబుగోరూ" అన్నాడు ముందు నుంచి డ్రైవరు, వాడికి ఆ రోజు నన్ను మందలించే అవకాశం దొరికింది.

మొక్కల గదిలో, ఫెర్న్ కుండీల మధ్య, కొబ్బరిపీచుకు కట్టిన మందస కొండల ఆర్కిడ్ పూల కింద మేనా దించాం. అంత వానలోనూ ఆ గదినిండా పాల వంటి వెలుతురు. తెరలు నాలుగువైపులా ఎత్తి కట్టారు. అత్త తల ఎత్తింది. మేమంతా చుట్టూ నిలబడ్డాం. ఒక పక్కకు ఒరిగి, మంచి కన్ను కప్పుకు దగ్గరగా పెట్టి, మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. "ఇది మన పనసచెట్టు. కాయలన్నీ మొదలు దగ్గరే వేసింది. ఇవి కొబ్బరిచెట్లు, అన్నీ ఒకే వైపు వంగాయి, గాలి సముద్రం నుంచి కదా. ఇదిగో పడవ. పడవలో మనిషి పడవ కంటే పెద్దగా ఉన్నాడు." తల కాస్త పక్కకు జరిపింది. "ఇదిగో సముద్రం. నీలిమందంతా ఇక్కడే పోసేసింది. ఒడ్డున పీత. అయ్యో అమ్మా, దీనికి కాళ్ళు చాల్లేదే!" అని నవ్వింది. నవ్వుతూనే ఉంది, కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. కొంతసేపటికి, ఎవరో ఎదురుగా కూర్చుని అడిగినట్టు, "చూశానమ్మా. ఎంత బాగున్నాయో" అంది.

షావుకారు భార్య పమిటతో కళ్ళు తుడుచుకుంది. నేను వానను చూశాను. అత్త దిగాక, కాఫీ తాగాక (ఈసారి నేను కూడా తాగాను, కుర్చీలోనే కూర్చుని), షావుకారుకు ఒకే ఒక పని చెప్పింది: "ఆ పిల్లను మళ్ళీ కూర్చోబెడితే తల ఎత్తి కూర్చోబెట్టు బాబూ. లేకపోతే దానికీ ఏమీ కనపడదు." ఆయన మా ఎదురుగానే ఆ బొమ్మ మెడ పైకి తిప్పాడు. సాయంత్రానికి కరెంటు వచ్చింది, యంత్రాలు మొదలయ్యాయి, మేము ఇంటికి వచ్చేశాం.

ఆ తర్వాతి వేసవికి అత్త చూపు పూర్తిగా పోయింది. ఇంకా చాలా ఏళ్ళు బతికింది. వచ్చిన పిల్లలకల్లా ఆ కప్పు మీద ఉన్నవన్నీ, చెట్టు తర్వాత చెట్టు, వరస తప్పకుండా చెప్పేది. ఆ రోజు వాన పడకపోయినా, ఆ డాక్టరు నిజం దాచినా, ఆ ఇల్లాలు మొక్కల కోసం ఒక గది కట్టించుకోకపోయినా మా అత్త ఆ మాట తల్లికి బాకీ పడే వెళ్ళేది. వాళ్ళందరికీ నేను నోరు తెరిచి కృతజ్ఞత చెప్పలేదు, చెప్పడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. కాలం మా దగ్గర తీసుకున్నవి చాలా ఉన్నాయి గాని, ఒక్క మధ్యాహ్నం మాత్రం అడగకుండానే ఇచ్చింది.

అత్త పోయిన ఏడాది, సముద్రం ఒడ్డున మాకు మిగిలిన కొబ్బరితోటను అమ్మేశాను. కొన్నది ఆ షావుకారే. బేరం మాట్లాడడానికి ఆయన మా ఇంటికి రాలేదు, నేనే ఆయన ఇంటికి వెళ్ళాను.